షోకు ఐదు వారాలే ఉంది: డేగ పుంజు, తెల్ల పెట్ట, కడక్‌నాథ్ జతను ఎట్ల తయారు చేయాలె?

పరకాల_పుంజు:
అన్నలందరికీ నమస్తే. ఫిబ్రవరి మొదట్ల హన్మకొండ దగ్గర కోళ్ళ ప్రదర్శన ఉంది, నాలుగు కోళ్ళ పేర్లు రాయించిన. ఇంక ఐదు వారాలే ఉంది. ఇప్పటి పరిస్థితి ఇది:

డేగ (ఎర్ర రంగు) పుంజు, అసీల్ అనే పందెం జాతిది, 14 నెలలు, 3.6 కిలోలు. తోకల ఒక పెద్ద ఈక నడుమకు విరిగింది, ఇంకోటి వంగింది. కాళ్ళ పొలుసులు సున్నం పూసినట్టు తెల్లగ లేస్తున్నయ్.
తెల్ల పెట్ట, అదీ అసీలే. గుడ్లు పెడుతున్నది. వీపు మీద పసుపు జీర, కింద రెట్ట మరక.
కడక్‌నాథ్ (నల్లకోడి జాతి) జత. పుంజు వీపు మీద నలుపు పోయి ఇటుక రంగు వస్తున్నది.

అన్నీ బయట తిరిగే కోళ్ళే. బోనుల పెడితే తల కొట్టుకుంటున్నయ్. మేత మక్కలు, నూకలు. టీకా అంటే పిల్లలప్పుడు కంట్ల చుక్క వేయించినం, అంతే. ముందు రోజు కొబ్బరినూనె రాస్తే ఈకలు మెరుస్తయ్ అంటున్నరు. రాయొచ్చా? సబ్బు ఏది వాడాలె?

తోక_చూడు_మొదలు:
తమ్మీ, సబ్బు సంగతి ఆఖరుకు. ముందు తోక.

రాలిన ఈక జాగల కొత్తది మొలుస్తది. విరిగిన ఈకకు మొదలు లోపల్నే ఉంటది కాబట్టి కోడి మళ్ళ ఈకలు మార్చే దాక అట్లనే ఉంటది. అందుకే విరిగినదాన్ని మొదలు దాక లాగేస్తరు. కానీ పెద్ద తోక ఈక పూర్తిగ రావాలంటే ఏడెనిమిది వారాలు పడుతది. నీకు ఐదే ఉన్నయ్. ఇప్పుడు లాగితే షో నాటికి సగం ఈక, దాని మొదట్ల ఇంకా విప్పని గొట్టం, లోపల నెత్తురు. విరిగిన ఈక కన్న అదే ఎక్కువ కండ్లకు కొడుతది. ఒక్కటే విరిగిందంటున్నవ్ కదా, వదిలెయ్. ఒక్క ఈకకు కొన్ని మార్కులు పోతయ్, అంతే. ఇంకో కోడి ఈక తెచ్చి అతికించుడు, కత్తెరతోని సరిజేసుడు మాత్రం చేయకు. జడ్జి తోకను విసనకర్ర లెక్క విప్పి చూస్తడు. దొరికితే కోడినే పక్కకు పెడుతరు.

వంగినదానికి ఉపాయం ఉంది. చాయ గిన్నెల నీళ్ళు మసల పెట్టు. ఒకరు పుంజును తువ్వాలల చుట్టి సంకల పట్టుకోవాలె. ఇంకొకరు ఆ ఒక్క ఈకను పక్కకు తీసి, వంగిన జాగను ఆవిరికి పది సెకన్లు చూపి, రెండు వేళ్ళ నడుమ మొదలు నుంచి కొన దాక మెల్లగ సాపు చేయాలె. రెండు మూడు సార్లు చేస్తే కాడ తిన్నగైతది. ఆవిరి తోలుకు తగలొద్దు. కాడ చిట్లిపోయి ఉంటే మాత్రం ఇది పనిచేయదు. అది వంగినట్టు కాదు, విరిగినట్టే.

ఏ ఈకనన్న ముట్టే ముందు మొదలు చూడు. నీలంగ, మెత్తగ ఉంటే అది పచ్చి ఈక, లోపల నెత్తురు పారుతుంటది. తెగితే ఆగకుండ కారుతది.

కాళ్ళ సంగతి. పొలుసుల కింద కంటికి కనబడని పురుగు దూరి తొలుస్తది, ఆ తెల్ల పొడి దాని పనే. మన దిక్కు దీనికి కిరోసిన్ పూస్తరు. వద్దే వద్దు, తోలు కాలుతది. గోరువెచ్చని సబ్బు నీళ్ళల్ల ఐదు నిమిషాలు కాళ్ళు నానబెట్టి, మెత్తని పళ్ళ బ్రష్‌తోని పై నుంచి కిందికి రుద్దు. తుడిచి ఆరినంక వాజలైన్ మందంగ పట్టించు, పొలుసు సందులల్లకు పోవాలె, గాలి ఆడక పురుగు చస్తది. మూడు రోజులకోసారి, నాలుగు వారాలు. లేచిన పొలుసును గోరుతోని పీకకు, కింద పచ్చి పుండైతది. అవి వాటంతటవే ఊడుతయ్. ఐదు వారాలల్ల కాలు అద్దం లెక్క కాదు గని, పురుగు చచ్చి శుభ్రంగ కనబడుతది. కోడి ఎక్కి పడుకునే కట్టెను కూడ మార్చు, లేకుంటె మళ్ళ అక్కడి నుంచే ఎక్కుతది.

గోర్లు, ముక్కు కొన షోకు పది రోజుల ముందే కత్తిరించు. అప్పుడు గరుకు అంచు అరిగి సహజంగ కనబడుతది. గోరును వెలుతురుకు పెట్టి చూస్తే లోపల నెత్తురు నాళం ఎక్కడి దాక ఉందో కనబడుతది, దానికి అవతల్నే కోయి. తెగితే పటిక పొడి అద్ది ఒక నిమిషం అదిమి పట్టు.

కొబ్బరినూనె ఈకల మీద రాయొద్దు. బయలుదేరినప్పుడు మెరుస్తది, పది గంటలకు షామియానా కింద దుమ్మంత దానికే అంటుతది, ఈకలు జడలు కట్టి విడివడుతయ్. జడ్జి చెయ్యి పెట్టంగనే జిడ్డు తెలుస్తది. నూనె తురాయికి, మొఖానికి, కాళ్ళకే. అదీ ఒక చుక్క రాసి మళ్ళ తుడిచేసేంత.

మందుల_సంచి:
పై వివరాలు సరైనవే. నేను మందుల వరస మాత్రమే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ రోజులు తప్పితే అన్నీ తప్పుతాయి.

ఈ వారం నులిపురుగుల మందు, వచ్చే వారం టీకా. ఆ తర్వాత షో వరకు ఇంజెక్షన్లు, బలం మందులు, కొత్త ప్రయోగాలు ఏమీ వద్దు.

నులిపురుగులకు చాలామంది ఫెన్‌బెండజోల్ కొంటారు. మంచి మందే. కానీ కోడికి కొత్త ఈకలు వస్తున్న సమయంలో ఇస్తే ఆ ఈకలు వంకరగా, చిల్లులతో రావచ్చు. మీ కోళ్ళకు ఎక్కడైనా పచ్చి ఈకలు ఉంటే పైపరజిన్ అడగండి. అయితే పైపరజిన్ పెద్ద ఏలికపాములకే పనిచేస్తుంది, బద్దె పురుగుకు పనిచేయదు. రెట్టలో బియ్యపు గింజల్లాంటి తెల్లని ముక్కలు కనిపిస్తే అది బద్దె పురుగు. అప్పుడు కొంచెం రెట్ట పట్టుకొని పశువైద్యశాలకు వెళ్ళి పరీక్ష చేయించి మందు తీసుకోండి. మోతాదు కోడి బరువును బట్టి డాక్టర్ చెప్పిందే వాడండి. మందు ఇచ్చిన రోజుల్లో, ఆ తర్వాత కూడా డాక్టర్ చెప్పినంత కాలం పెట్ట గుడ్లు తినవద్దు.

కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా. చిన్నప్పుడు వేసిన లసోటా చుక్క ఇన్ని నెలలు కాపాడదు. పుంజులకు, కడక్‌నాథ్ పెట్ట ఇంకా గుడ్లు పెట్టకపోతే దానికీ ఆర్2బి టీకా, 0.5 మి.లీ. రెక్క కింద చర్మంలోకి. ఇది ఎనిమిది వారాలు దాటిన కోళ్ళకే. మీ తెల్ల పెట్ట గుడ్లు పెడుతోంది కాబట్టి దానికి ఆర్2బి వేస్తే గుడ్లు పడిపోవచ్చు. దానికి లసోటానే తాగే నీళ్ళలో ఇవ్వండి. నల్లా నీళ్ళలోని క్లోరిన్ టీకాను చంపేస్తుంది. బావి నీళ్ళు వాడండి. లేదంటే లీటరు నీళ్ళకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, పావుగంట ఆగి టీకా కలపండి. ముందు గంటన్నర నీళ్ళు పెట్టకుండా ఉంచితే పెట్ట వెంటనే తాగుతుంది. ఉదయం చల్లపూటే ఈ పని పూర్తి చేయాలి.

ఆర్2బి సీసా సాధారణంగా 100 డోసులది. కలిపిన తర్వాత రెండు గంటల్లో అయిపోవాలి, అంతసేపూ ఐసు మీదే ఉండాలి. నాలుగు కోళ్ళ కోసం సీసా విప్పడం దండగ, వాడలో మిగతా వాళ్ళ కోళ్ళను కూడా ఆ రోజే పిలిపించండి. మీ కోళ్ళ గుంపుకూ అదే రక్షణ. టీకా పట్టడానికి కనీసం రెండు వారాలు పడుతుంది. అందుకే షోకు మూడు రోజుల ముందు టీకా వేయించి పంపడం అంటే టీకా వేయనట్టే. పైగా టీకా తర్వాత కోడి రెండు రోజులు మందంగా ఉంటుంది.

ఇక కోడిపేలు. మలద్వారం కింద ఈకలు విప్పి మొదళ్ళు చూడండి, ఉప్పు గడ్డకట్టినట్టు తెల్లగా అంటుకొని ఉంటే అవి పేల గుడ్లు. చాలా షోల్లో గేటు దగ్గరే అక్కడ చూస్తారు, పేలు కనిపిస్తే లోపలికి రానివ్వరు. పెర్మెత్రిన్ పొడి మలద్వారం చుట్టూ, రెండు రెక్కల కింద, మెడ వెనుక చల్లి వేళ్ళతో లోపలికి పట్టించండి. మందు గుడ్లను చంపదు, అందుకే పది రోజులకు మళ్ళీ చల్లాలి. ఒకసారి చల్లి వదిలేయడం వల్లే సరిగ్గా షో వారంలో పేలు మళ్ళీ కనిపిస్తాయి. రాత్రి టార్చి వేసి గూడు చెక్కల సందులు కూడా చూడండి. ఎర్రగా, ఆవగింజ కన్నా చిన్నగా కదిలే పురుగులుంటే అవి రాత్రి మాత్రమే కోడి మీదికి ఎక్కి రక్తం తాగి దిగిపోతాయి. పగలు కోడిని ఎంత వెతికినా దొరకవు. గూటికి సున్నం కొట్టించండి.

నల్లకోడి_నర్సంపేట:
కడక్‌నాథ్ ఇటుక రంగు ఎండ వల్ల. నల్ల ఈక ఎండకు కాలితే అట్లనే ఎర్రబారుతది. వచ్చిన రంగు పోదు, కొత్త ఈక వస్తెనే. ఇక ముదరకుండ ఉండాలంటే పది నుంచి నాలుగు దాక నీడల ఉంచు, పొద్దున పొద్దుమూకి విడువు. రంగు వేసే ఆలోచన ఉంటే మానుకో. తడిగుడ్డతో రుద్ది చూస్తరు.

ఆ జత అసలుదా కాదా అన్నది ముందే చూసుకో. నోరు తెరిచి నాలుక చూడు, కాలి వేళ్ళ కింద చూడు, ఈకలు విప్పి తోలు చూడు, అన్నీ నల్లగ ఉండాలె. తురాయి నలుపు నుంచి ఊదా దాక ఉంటది. చక్కటి ఎరుపు ఉందంటే నాటుకోడి కలిసిందన్నట్టే. 2018ల మధ్యప్రదేశ్‌ల ఝాబువా కడక్‌నాథ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి అంగళ్ళల్ల నల్లగ ఉన్నదల్ల కడక్‌నాథే అయింది. అనుమానం ఉంటే దాన్ని నాటుకోళ్ళ విభాగంలకు మార్పించుకో, పేరు తప్పు రాసి తిప్పి పంపించుకునుడు ఎందుకు.

మేతకు నేను చెప్పేది కిలో లెక్క: జొన్నలు 400 గ్రాములు, సజ్జలు 200, మొలకెత్తించిన పెసలు 150 (ఎండు బరువు), నలిపిన మక్కలు 100, పల్లి చెక్క 100, అవిసెలు 50. దీంట్ల మాంసకృత్తులు 16 శాతం దగ్గర పడుతయ్. పుంజుకు రోజుకు 110–120 గ్రాములు, పెట్టకు 90–100, రెండు పూటల. గుల్లల పొడి వేరే గిన్నెల పెట్టు, పెట్ట దానికి కావల్సినంత అదే తింటది. అవిసెల నూనెతోనే ఈకకు మెరుపు. పైన రాసే నూనె కాదు, లోపల పోయే నూనె.

మక్కలు, పల్లి చెక్క కొనేటప్పుడు ముక్కు దగ్గర పెట్టి వాసన చూడు. మట్టి వాసన, బూజు వాసన వస్తే అగ్గువ అని తేకు. ఆ బూజు విషం కోడి కాలేయానికి తగులుతది, ఐదు వారాలల్ల కోడి చిక్కిపోతది, తురాయి పాలిపోతది.

బాదం, ఖీమా పెట్టేటోళ్ళు పందెం అలవాటు కొద్ది పెడుతరు. షో కోడికి అక్కర లేదు. జడ్జి రొమ్ము ఎముక మీద చెయ్యి పెట్టి కండ చూస్తడు, కొవ్వు దొరికితే మార్కులు పోతయ్.

పరకాల_పుంజు:
అందరికీ చానా థాంక్స్ అన్నా. తెల్ల పెట్టకు కూడ ఇదే మేతనా? అది పసుపు జీర ఎందుకు వచ్చింది? ఇంక స్నానం ఎన్ని రోజుల ముందు?

తోక_చూడు_మొదలు:
తెల్ల పెట్టకు మక్కలు తీసెయ్, ఆ 100 గ్రాములు నూకలు పెట్టు. మక్కల్ల పసుపు రంగు ఉంటది, అది తెల్ల ఈకల దిగుతది. ఎండ ఇంకో కారణం, అందుకే వీపు మీద్నే జీర. చిక్కేందంటే అదే మక్కల రంగు కాళ్ళకు, ముక్కుకు పసుపు ఇస్తది. అసీల్‌కు కాలు పసుపుగ ఉంటెనే అందం. గుడ్లు పెట్టే పెట్టకు ఆ పసుపు గుడ్డు సొనలకు పోతనే ఉంటది కాబట్టి కాలు ఎట్లాగు పాలిపోతది. అందుకే నేనైతే ఈక దిక్కే మొగ్గుత. ఉన్న జీర స్నానంతోని కొంత తగ్గుతది, మొత్తం పోదు.

స్నానం తెల్ల పెట్టకే. డేగకు, కడక్‌నాథ్‌కు కాళ్ళు, మొఖం, మరక పడ్డ జాగ కడిగితే చాలు. అసీల్ ఈక గట్టిగ, ఒంటికి అతుక్కొని ఉండాలె. మొత్తం ముంచితే బురుగు దూది లెక్క ఉబ్బుతది, కుదురుకునేదానికి రోజులు పడుతది. పట్టు గుడ్డతోని మెడ నుంచి తోక దిక్కు రోజూ ఐదు నిమిషాలు తుడువు, అదే దానికి పాలిష్.

తెల్ల పెట్టను షోకు మూడు రోజుల ముందు కడుగు. ముందు రోజు కడిగితే ఈకల మీద సహజంగ ఉండే నూనె తిరిగి పట్టదు, పొడిబారి కనబడుతది. పొద్దున పదకొండుకు మొదలువెట్టు. ఆ నెలల మన దిక్కు రాత్రి చలి తెలుసు కదా, సాయంత్రానికి తోలు దాక ఆరకుంటె ముక్కు కారుతది.

మూడు టబ్బులు, ఒక్కొక్క దాంట్ల పది లీటర్లు, మోచెయ్యి ముంచితే హాయిగ అనిపించేంత వేడి. మొదటి దాంట్ల చిన్నపిల్లల షాంపూ రెండు చెంచాలు. మెడ దాక ముంచి, స్పాంజితోని ఈక వాలు దిక్కే రుద్దు, ఎదురు రుద్దితే ఈక పళ్ళు విడిపోతయ్. వెచ్చని నీళ్ళల్ల రెండు నిమిషాలకు కోడి మత్తుగ కండ్లు మూసి మెడ వాలుస్తది. ముద్దొస్తది గని ముక్కు నీళ్ళల్లకు పోతది, ఒక చెయ్యి ఎప్పుడూ గదుమ కింద ఉండాలె. రెండో టబ్బుల తెల్ల వెనిగర్ రెండు పెద్ద చెంచాలు, ఇది సబ్బు జిగురును విడగొడుతది. సబ్బు మిగిలితే ఆరినంక ఈకలు పుల్లలు పుల్లలుగ నిలబడుతయ్, చానామంది చెడగొట్టుకునేది ఇక్కడ్నే. మూడోది ఉత్త నీళ్ళు. కుంకుడుకాయ వాడేటోళ్ళున్నరు, నల్ల కోడికైతే ఏమో గని తెల్లదానికి ఆ గోధుమ రంగు రసం వద్దు, కండ్లు కూడ మండుతయ్. నీలి మందు వేసే ఆశ ఉంటే పది లీటర్లకు ఒక్క చుక్క, రెండోది పడితే కోడి నీలమైతది. వేయకుంటెనే నయం.

తువ్వాలతోని అద్దాలె, రుద్దొద్దు. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద జానెడున్నర దూరం పెట్టి, రెక్కల కింద, తొడల నడుమ వేళ్ళతోని ఈకలు లేపుకుంట ఆరబెట్టు. పైన ఆరినట్టు కనబడుతది, లోపలి నూగు తడిగనే ఉంటది. గంటన్నరకు తక్కువ కాదు. తర్వాత కొత్త ఊక మందంగ పరిచిన గదిల ఒక్కదాన్నే ఉంచు.

జమ్మికుంట_గంప:
బోను అలవాటు ఎవరూ చెప్పలేదు, తల కొట్టుకునే కోడికి ఇవన్నీ చేసి లాభం లేదు. ఇవాళ్టి నుంచే మొదలువెట్టు. అసీల్‌కు రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, రెండున్నర అడుగుల ఎత్తు బోను. మూడు దిక్కుల అట్ట కట్టు, ముందు ఒక్కటే తెరువు. మొదటి వారం రోజుకు అరగంట, అదీ మేత వేళకు. మేత బోనుల్నే దొరకాలె. రెండో వారం రెండు గంటలు. మూడో వారం నుంచి పగలంత, ఇంట్ల మనుషులు, టీవీ, పిల్లల చప్పుడు ఉండే జాగల. నాలుగో వారం పక్క బోనుల ఇంకో పుంజును పెట్టు, నడుమ అట్ట ఉండాలె. అట్ట లేకుంటె జాలీ సందులకెళ్ళి పొడుచుకొని షో ముందే తురాయి నెత్తురైతది.

బోనులకు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు రెండింటికీ తల ముందు. అరచెయ్యి రొమ్ము కింద, రెండు కాళ్ళు వేళ్ళ నడుమ, ఇంకో చెయ్యి రెక్కల మీద. తోక ముందు తీస్తే ఈకలు ఎదురు తిరిగి తలుపుకు తట్టుకుంటయ్, విరిగేది అప్పుడే. సన్న పుల్లతోని గదుమ కింద మెల్లగ తట్టి మెడ లేపుడు నేర్పు, ఆ వెంటనే ఒక గింజ పెట్టు. రెండు వారాలకు పుల్ల చూడంగనే నిలబడుతది.

తీసుకపోవుడు: బండి హాండిల్‌కు కాళ్ళు కట్టి తలకిందులు వేలాడదీసే ముచ్చట వద్దు. అట్ట డబ్బ, కోడికి ఒకటి. డబ్బ పొడుగు తోకతో కలిపి కోడి కన్న నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలె. గాలి చిల్లులు పై భాగంల నాలుగు దిక్కుల, రూపాయి బిళ్ళ అంత, దిక్కుకు ఆరు. కింద ఉంటే కోడి కాళ్ళకు గాలి తగులుతది గని ముక్కుకు అందదు. బయలుదేరే నాలుగు గంటల ముందు నుంచి మేత బంద్, నీళ్ళు మాత్రం బంద్ చేయకు. మెడ కింద గింజల సంచి నిండుగ ఉంటే దారిల కుదుపుకు కక్కుతది, తెల్ల రొమ్ము ఖరాబైతది.

అక్కడ బోనుల నీళ్ళ గిన్నెను కోడి వీపు ఎత్తుకు కొక్కెం వేసి కట్టు, కింద పెడితే తన్ని పారబోసి తడిలనే పడుకుంటది. కొత్త ఊరి నీళ్ళ రుచికి కొన్ని కోళ్ళు పొద్దంత తాగవు. ఇంటి నీళ్ళు రెండు సీసాలు తీసుకపో. మేత జడ్జింగ్ అయినంకనే. సంచిల పాత నూలు గుడ్డ, పళ్ళ బ్రష్, వాజలైన్, పటిక, దూది, అట్ట ముక్కలు ఉంచు. జడ్జి వచ్చే పావుగంట ముందు కాళ్ళు ఒకసారి తుడిచి, తురాయికి ఒక వేలు వాజలైన్ రాసి తుడిచెయ్, అంతే. ఆడికి పోయినంక తోమినోళ్ళ కోడి బెదిరి మూలకు నక్కుతది.

ఇంకోటి. పక్కోళ్ళు "ఒక్కసారి రెండిట్ని వదిలి చూద్దాం" అంటరు. వద్దను. కోళ్ళను పోట్లాడించుడు 1960 చట్టం కింద నేరం, కత్తి కట్టినా కట్టకున్నా.

మందుల_సంచి:
షో తర్వాత సంగతి రాయడం మరిచాను, అసలు ప్రమాదం అక్కడే ఉంది. వంద ఇళ్ళ కోళ్ళు ఒక పూట ఒకే కప్పు కింద ఉంటాయి. తిరిగొచ్చిన నాలుగింటినీ మిగతా కోళ్ళకు కనీసం 30 అడుగుల దూరంలో 21 రోజులు విడిగా ఉంచండి. గిన్నెలు వేరు. రోజూ ముందు ఇంటి కోళ్ళకు మేత వేసి, ఆ తర్వాతే షో కోళ్ళ దగ్గరికి వెళ్ళండి, ఎప్పుడూ ఆ వరస తిరగేయకండి. షోలో వేసుకున్న చెప్పులు ఇంటి గూటి దగ్గరికి రాకూడదు. అట్ట డబ్బలు కాల్చేయండి. ఇనుప బోనులను సబ్బుతో కడిగి, బ్లీచింగ్ నీళ్ళతో తడిపి, ఎండలో రెండు రోజులు పెట్టండి. రెట్ట మిగిలి ఉండగా బ్లీచింగ్ పోస్తే పనిచేయదు, అందుకే కడగడం ముందు.

ఈ 21 రోజుల్లో చూడవలసినవి: ఆకుపచ్చటి నీళ్ళ రెట్ట, నోరు తెరిచి గురక, మెడ తిరిగిపోవడం, ఒక కాలు ఈడ్వడం. ఇవి కొక్కెర తెగులు గుర్తులు. తురాయి నల్లబడి, మొహం వాచి ఒకటి రెండు రోజుల్లో ఎక్కువ కోళ్ళు చనిపోతే వాటిని చేత్తో ముట్టవద్దు, కోసి చూడవద్దు, వాగులో పారేయవద్దు. అది బర్డ్ ఫ్లూ కావచ్చు, పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయండి. బర్డ్ ఫ్లూ చలికాలం చివర్లోనే ఎక్కువగా వినిపిస్తుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చినప్పుడు తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర కోళ్ళ లారీలను ఆపారు. షో వారంలో అలాంటి వార్త మన దగ్గరి మండలం నుంచి వస్తే ఎంట్రీ డబ్బులు పోయినా సరే, వెళ్ళవద్దు. జాతర ఉన్న నెలైతే ఇంకా జాగ్రత్త, అంగళ్ళ మధ్య కోళ్ళు ఎక్కువగా తిరిగేది అప్పుడే.

పరకాల_పుంజు:
రాసుకున్న సార్. రేపు మామునూరు పశువైద్య కళాశాల దిక్కు పని ఉంది, రెట్ట పరీక్షకు అక్కడ్నే ఇస్త. ఒక్కటే డౌటు, పెట్టను షోల నచ్చి ఎవరన్న కొనుక్కుంట అంటే అక్కడ్నే ఇయ్యొచ్చా?

జమ్మికుంట_గంప:
ఇయ్యొచ్చు. జడ్జింగ్ అయిపోయి, నిర్వాహకులు బోను తాళం తీసినంకనే. కాలి రింగు నంబరు చీటి మీద రాసి, ఏ రోజు ఏ టీకా వేసినవో కూడ అదే చీటి మీద రాసియ్యి. బేరం ఎంతైనా తిరుగు డబ్బలకు ఇంకో కోడిని కొని తేకు, ఆ 21 రోజుల లెక్క మళ్ళ మొదటికొస్తది.